కిలోకి ఎంత పొగ

ఎల్బే నదికి సముద్రం వాసన పట్టే చోట
ఆపిల్ తోటల వెనక ఒక రేకుల షెడ్డు.
నన్ను పంపింది ఒక్క ప్రశ్న అడగడానికే:
ఈ కార్బన్ దారాన్ని తిరిగి బతికించడం
భూమికి మేలా, చేటా?
జవాబు అంకెలో ఉండాలి.
దశాంశం తర్వాత రెండు స్థానాలు చాలన్నారు.

కొలిమి దగ్గర హిల్కె.
అరవై రెండేళ్లు, చెవుల్లో దూది, నడుముకి తోలు పటకా.
రంపం కోసిచ్చిన విమానం రెక్క ముక్కల్ని
రొట్టెలు పేర్చినంత మామూలుగా ట్రేలో పేర్చి
తలుపు బిగిస్తుంది.
గాలి చొరని వేడి. మంట కనబడదు.
జిగురు ముందు చెమటలా పొంగి
తర్వాత పొగై పోతుంది.
దారం మిగులుతుంది.

నేను రాసుకుంటాను:
రంపానికి ఇంత కరెంటు, లారీకి ఇంత డీజిల్,
పొగని కడగడానికి ఇంత గ్యాసు.
కొత్త దారం తీసే కొలిమికి
ఇంతకు ఎన్నో రెట్లు ఆకలి, నిజమే.
కానీ ఇది కొత్త దారం కాదు.
బారెడు బెత్తెడైంది. పడుగూ పేకా మరిచిపోయింది.
మళ్లీ రెక్క కాలేదు.
సైకిల్ సీటు కాగలదు, ల్యాప్‌టాప్ మూత కాగలదు.
ఆ తర్వాత?
ఆ తర్వాతకి నా పట్టికలో గడి లేదు.

అసలు చిక్కు పాపం పంచడంలో ఉంది.
మొట్టమొదటి పొగ ఎవరి ఖాతాలో వెయ్యాలి,
ఎగిరినవాడిదా, ఏరుకున్నవాడిదా?
తిలాపాపం తలా పిడికెడు.
ఆ పిడికెడు కొలవడానికి మా శాస్త్రంలో
మూడు పద్ధతులున్నాయి, మూడు జవాబులొస్తాయి,
మూడింటికీ ముద్రలున్నాయి.

మధ్యాహ్నం గాలి పడిపోయింది.
కరకట్ట మీది గాలిమరలు
ఏదో మరిచిపోయినట్టు నిలబడిపోయాయి.
కరెంటు ఎక్కణ్నుంచో బొగ్గు మోసుకొచ్చింది.
పొద్దున నేను రాసిన అంకె
సాయంత్రానికి అబద్ధమైంది.
ఆ మరల రెక్కల్లోనూ ఇదే దారం.
ఎప్పుడో ఒకనాడు
అవీ ఈ ట్రే దగ్గరకే నడిచొస్తాయి.

కొలిమి చల్లారాక హిల్కె పిలిచింది.
జిగురు పోయిన ముక్క
తడిసి ఆరిన పుస్తకంలా పొరలు విప్పుకుంది.
ఇరవై ఆరేళ్ల కిందట, నది అవతలి కర్మాగారంలో
ఫ్రీజర్లోంచి తీసిన నల్లబట్టని
పొర మీద పొరగా పరిచిన చేతుల్లో
తనవీ ఉన్నాయట.
గోటితో ఒక్కొక్కటే లేపింది:
నిలువు, అడ్డం, ఏటవాలు, ఏటవాలు,
నిలువు, నిలువు...
ఆగింది.
"ఇక్కడ అడ్డం ఉండాలి."

చాలాసేపు ఇద్దరం ఆ పొరనే చూశాం.
ఎన్ని వేలసార్లు లేచి దిగిందో ఆ రెక్క,
కిటికీకి తల ఆనించి ఎంతమంది నిద్రపోయారో,
ఈ ఒక్కటీ తనది కాని దిక్కున
ఊపిరి బిగబట్టుకుని ఉండగా.

"ఆ ఏడాది రాత్రి షిఫ్టులు," అంది.
కాసేపటికి,
"కాదులే. షిఫ్టుల తప్పు కాదు."
ఇంకాసేపటికి,
"నీ పట్టికలో దీనికి గడి ఉందా?"
లేదన్నాను.
ఆ పొరని మిగతావాటితో కలిపి
తరిగే యంత్రంలో వేసేసింది.
తునకలకి దిక్కులుండవు.

నివేదికలో రాశాను: మేలే, షరతులతో.
కరెంటు గాలిదైతే. లారీ దూరం తగ్గితే.
తిరిగి పుట్టిన వస్తువు
కొత్తదాన్ని ఒకదాన్ని నిజంగా పుట్టకుండా ఆపితే.
ఆపుతుందా? చౌకైన కొద్దీ
ఇంకో రెండు కొంటాడు మనిషి.
ఆ వాక్యం రాసి కొట్టేసి
మళ్లీ అడుగున చిన్నక్షరాల్లో పెట్టాను.
కొండని తవ్వాను. ఎలుక దొరికింది.
చిన్నది.
కానీ బతికే ఉంది.

మూడు రోజులుగా చూపుడువేలి కొసలో
ఒక నల్లనూగు.
సూదికి చిక్కదు, ఏ త్రాసుకీ అందదు.
నేను కొట్టే ప్రతి అంకెకీ
చురుక్కుమంటుంది.